బయటి గీత

సూరత్ స్టేషన్ వెయిటింగ్ రూములో ఒకామె ఒళ్లో ఖాకీ కాగితం పరుచుకుని, తెలుగులో వేళ్లు లెక్కపెట్టుకుంటూ డ్రెస్సు కొలత గీస్తోంది. నేనూ ఇంట్లో అలాగే గీసుకుని బట్టలు కత్తిరిస్తాను కనుక వంగి చూశాను. నడుము దగ్గర ఒకదానిలో ఒకటి నాలుగు పాత గీతలున్నాయి.

"ఎవరి కొలత అక్కా?"

"మా బిడ్డది. ఏడాదికో గీత."

బయటి గీత చూసి, "మంచిగ పెరిగింది పిల్ల!" అన్నాను.

ఆమె ఆ గీత మీద వేలు పెట్టింది.

"బయటిది మొదటి గీత, చెల్లె. బీమారొచ్చినప్పటిసంది పిల్ల బక్కగయ్యి, గీత లోపటికే వస్తున్నది."

అన్నిటికన్నా లోపలి గీతకు వేలెడు లోపల మరో గీత గీసింది.

ఇప్పటికీ ఎదిగే మా అమ్మాయి డ్రెస్సుకు పోయినేటి గీతకు బయట వేలెడు గుడ్డ వదులుతాను. వదిలాక కత్తెర వెంటనే ఆడదు.