మెస్ అద్దంలో ఫోర్‌మన్ బొమ్మ

ఈ మధ్య ఫోన్‌లో రోజూ ఎవరో ఒకరిని వెక్కిరించే బొమ్మ వస్తోంది. నిన్న వచ్చినదాన్ని పెద్దది చేసి మూలమూలా వెతికాను. గీసినవాడి పేరు ఎక్కడా లేదు. నవ్వు కంటే ముందు కోపం వచ్చింది. ఈ కోపం నాకు ఒమాన్‌లోని రుసైల్‌లో పట్టుకుంది.

అప్పట్లో అక్కడ ఒక గోదాము కట్టే పనిలో ఉన్నాను. నా బడి తొమ్మిదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా సెలవు రోజున బస్సెక్కి మస్కట్‌లోని ఒక గ్రంథాలయానికి వెళ్లి, నిఘంటువు పక్కన పెట్టుకుని నాకు నేను చెప్పుకున్నదే. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. అక్కడ ఒకరోజు పలకంత వెడల్పు పుస్తకం దొరికింది. రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు వెక్కిరింపు బొమ్మలవి. రాజు కాబోయేవాణ్ణి గుండీలు తెగే బొజ్జతో గీశారు. యూరపును వణికించిన ఫ్రాన్సు చక్రవర్తిని బూట్లలో మునిగిపోయే పొట్టివాడిగా గీశారు. రాగి రేకు మీద గీత చెక్కి, కాగితం మీద అచ్చు తీసి, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు చేత్తో రంగులు పూసేవారట. వాటిని దుకాణం అద్దంలో తగిలిస్తే, కొనలేనివాళ్లంతా వీధిలో నిలబడి నవ్వుకునేవారట. చాలా బొమ్మల కింద దుకాణం పేరు, గీసినవాడి పేరు కూడా ఉన్నాయి. రాజును గీసి, కింద పేరు! ఆ రోజు తిరుగు బస్సు ఒకటి తప్పిపోయింది.

ఆ ఎండాకాలమే మా సైట్‌లో నీళ్ల కూలర్ చెడిపోయింది. నెల దాటినా బాగు చేయించలేదు. మేము కాగిన నీళ్లు తాగుతుంటే, ఫోర్‌మన్ క్యాబిన్‌లోని ఫ్రిజ్‌కు మాత్రం తాళం. నేను అట్టపెట్టె చింపి, పొట్ట స్థానంలో నీళ్ల ట్యాంకు, బొడ్డు దగ్గర కుళాయి, మీసానికి వేలాడే తాళంచెవితో ఆయన్ని గీశాను. ముందు నాలుకలు చాచిన మా వరస. రూమ్‌లో వాళ్లు తలా ఒక రంగు పూశారు. వంటింటి పసుపు, ఇనుముకు పూసే ఎర్ర రంగు, గోడ మీద గీతలు కొట్టే నీలిపొడి. తెల్లారి మెస్ కిటికీ అద్దానికి లోపలి నుంచి అంటించాను. టిఫిన్ వరస కదిలితే ఒట్టు. నవ్వి నవ్వి ఒకడికి పొలమారింది.

మా అక్క మొగుడు, నన్ను ఒమాన్‌కు తెచ్చిన బావ, అందరికంటే ఎక్కువ నవ్వాడు. బొమ్మ అడుగున చూపు పడగానే నవ్వు ఆగిపోయింది.

"నీ పేరెందుకు రాసినవ్‌రా బామ్మర్దీ! వచ్చే నెలనే గద నీ లేబర్ కార్డు రెన్యువల్? కంపెనీ ఇంటికి తోలుతది."

"గట్లనే రాస్తరు బావా. పుస్తకంల ఉన్నది."

"నీ పుస్తకం సల్లగుండ! అక్కకేం జెప్పాలె నేను?"

ఆయన చింపబోయేలోగా ఫోర్‌మన్ రానే వచ్చాడు. వెంట ఇంజనీరు సారు, గోదావరి వైపు మనిషి. "కిస్‌నే బనాయా?" అని, గీసిందెవడో చెప్పమని ఫోర్‌మన్ అరిచాడు. కింద ఉన్న తెలుగు అక్షరాలు చూపించి, చదవమని సారును అడిగాడు.

సారు వంగి చదివి, నా వైపు ఒకసారి చూసి, "సాఫ్ నహీ హై" అన్నారు. తర్వాత తెలుగులో మెల్లిగా, "చెరిగిపోయిందని చెప్పానయ్యా. నోరు మూసుకుని డ్యూటీకి పో" అన్నారు.

ఆ దయ పుచ్చుకుంటే సరిపోయేది. బావ నా చొక్కా పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. కానీ చెరగని పేరును చెరిగిందని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

"చెరగలే సార్. అది నా పేరు. నేనే గీసిన" అన్నాను. ఫోర్‌మన్‌కు కూడా తెలియాలని, "నామ్ మేరా హై" అని గట్టిగా చెప్పాను.

ఇంటికి తోలలేదు. మర్నాడే ఇబ్రా సైట్‌కు పంపారు, నీడంటూ లేని రోడ్డు పనికి. మూడో రోజు బావ ఫోన్ చేశాడు. "కొత్త కూలర్ వచ్చిందిరా. నీళ్లు పండ్లు జివ్వుమంటున్నయ్. తాగినప్పుడల్లా నిన్ను తిట్టుకుంటున్న" అన్నాడు. గొంతు మాత్రం తిట్టే గొంతు కాదు.

ఇబ్రా ఎండలో రెండు వేసవులు గడిపాను. నా వయసులోంచి అవి వృథాగా పోయాయని బావ ఇప్పటికీ అంటాడు. నేను ఒప్పుకోను. మిగతా ఏళ్లన్నీ కంపెనీ చెప్పిన చోట గడిచాయి. ఆ రెండే నేను చెప్పిన మాట మీద గడిచాయి.