డోకుల బావ పాట

జనం నన్ను గుర్తుపట్టేది ఒక్క పాటతోనే. అంతకు ముందు నేను కట్టి పాడినవి చాలానే ఉన్నాయి. వేట నిషేధం రోజుల మీద, మా అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగిన ఊళ్ళ మీద, తుఫాను తర్వాత కోసుకుపోయిన ఒడ్డు మీద. అవి ఫోనులో పెడితే మా ఊరివాళ్ళు నలుగురు చూసి బాగుందనేవారు. అంతకు మించి ఏమీ జరగలేదు. ఆ తర్వాత మా ఆయన మీద ఒక పాట కట్టాను.

మాది శ్రీకాకుళం తీరంలో వేట మీద బతికే ఊరు. ఆయనది పొందూరు వైపు, వరి పండించే ఇల్లు. శ్రీకాకుళంలో ఇద్దరం ఒకే బట్టల షాపులో పనిచేసేవాళ్ళం. పెళ్ళి చేసుకుంటామని చెబితే వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు. "సేపలోల్ల పిల్లే కావాలంటే ఆల్ల ఊర్లోనే ఉండు, నా గుమ్మం తొక్కకు" అన్నారట. ఆయన అదే చేశాడు. ఒక సంచితో వచ్చి మా ఇంట్లో ఉండిపోయాడు.

అల్లుడు ఖాళీగా ఇంట్లో కూర్చోవడం మా నాన్నకి నచ్చలేదు. "ఓపాలి తెప్ప ఎక్కి సూడు బాబూ, అదే అలవాటయిపోతాది" అని తెల్లవారుజామున వెంట తీసుకెళ్ళాడు. కెరటాల ఊపుకి ఆయనకి ఒకటే డోకులు, వాంతులు, వేట సగంలో వదిలేసి తెప్ప వెనక్కి తిప్పాల్సి వచ్చింది. ఇద్దరు పట్టుకుని దింపితే ఆయన ఇసుకలో కూలబడ్డాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. ఒడ్డునున్న ఆడవాళ్ళంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. కాస్త తేరుకున్నాక ఆయన కూడా నవ్వాడు.

ఆ సాయంత్రం చేపలు కోస్తుంటే పాట దానంతటదే వచ్చింది.

మడిలోన దిగితే మారాజు మా బావ
తెప్ప మీదెక్కితే డోకుల బావ

ఆయన పళ్ళెం బోర్లించి దరువు వేశాడు. రెండో చరణంలో ఒక మాట కుదరకపోతే ఆయనే అందించాడు. నా పాటలన్నిటిలో మేమిద్దరం కలిసి కట్టింది అదొక్కటే. ఈ మాట ఇంతవరకూ ఏ ఇంటర్వ్యూలోనూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

విజయనగరంలో రికార్డింగ్ చేసే ఒకతను ఆ పాట విని వదల్లేదు. డప్పు, కీబోర్డు పెట్టి, మా ఒడ్డునే వీడియో తీశాడు. బావ వేషం వేయమంటే మా ఆయన తల అడ్డంగా ఊపాడు. డాన్సు తెలిసిన కుర్రాణ్ణి పెట్టారు. ఆ అబ్బాయి కడుపు పట్టుకుని కళ్ళు తేలేసిన తీరు అందరికీ నచ్చింది. కొద్ది వారాల్లోనే పెళ్ళి ఊరేగింపుల్లో, ఆటోల్లో, వినాయకుడి పందిళ్ళలో అదే పాట. నాకు ప్రోగ్రాములు రావడం మొదలైంది. సొంతంగా మైకు కొనుక్కున్నాను. చీర మీద మెరుపులు అద్దించుకున్నాను. పేరు వస్తే మనిషి ఎలా నడుస్తుందో అలా నడవడం కూడా నేర్చుకున్నాను.

అప్పటికి ఆయన ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. మా ఒడ్డు నుంచి ఐసులో పెట్టిన చేపల్ని చీపురుపల్లి మార్కెట్‌కి వేస్తాడు. ఒకరోజు విజయనగరం వెళ్ళాల్సి ఉండి, చీపురుపల్లిలో రైలెక్కుదామని నేనూ ఆ ఆటోలోనే వెళ్ళాను. మార్కెట్ దగ్గర ఆగామో లేదో, ఐసు కొట్టే మనిషి లోపలికి కేకేశాడు.

"డోకుల బావ ఒచ్చినాడ్రా! పెట్టెలు దింపండి!"

చేపలమ్మే ఆడవాళ్ళు ఇద్దరు ఓక్ ఓక్ అంటూ వంగి చూపించారు. ఆయన వాళ్ళ వంక చూసి నవ్వి, పెట్టె భుజానికెత్తుకున్నాడు. ఆ నవ్వు నాకు తెలుసు. బట్టల షాపులో కొనకుండా చీరలన్నీ విప్పించి పోయే వాళ్ళకి అదే నవ్వు నవ్వేవాడు.

స్టేషన్ దగ్గర ఆపినప్పుడు అడిగాను. "ఎప్పటినుండి బావా ఇది?"

"పాటొచ్చిన కాడి నుండి."

"నాకు సెప్పనేదేటి?"

"సెప్తే పాడ్డం మానెత్తావేటి?"

ఆయన కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. మానేస్తానని నేను అనలేకపోయాను. రైలు టైమవుతోందని దిగిపోయాను. విజయనగరంలో ఆ రోజు రికార్డింగ్‌లో మూడుసార్లు శ్రుతి తప్పాను.

మానలేదు. వేసవిలో పొందూరు దగ్గర ఒక ఊళ్ళో అమ్మవారి పండగకి పిలిచారు. అది ఆయన పుట్టిన ఊరికి పక్క ఊరే. డ్రైవర్ దొరకలేదని ఆయనే ఆటోలో సామాను వేసుకుని వచ్చాడు. ఇంకా పొద్దు వాలకముందే మొదలుపెట్టాం. రెండు పాటలయ్యాక జనంలో మా మావయ్య కనిపించారు. భుజం మీద ఖద్దరు కండువాతో, పందిరి రాటకి ఆనుకుని నిలబడి ఉన్నారు. పెళ్ళికి ముందు ఒకసారి దూరం నుంచి చూసిన మనిషే. కోడలి పాట వినడానికి వచ్చారని నా గుండె పొంగింది. అందుకే ఆ రోజు ఇంకా గట్టిగా పాడాను.

డోకుల బావ పాట దగ్గరికి వచ్చేసరికి యాంకర్ అబ్బాయి మైకు లాక్కున్నాడు. "అసలు బావ ఇక్కడే ఉన్నాడంట! పైకి పిలుద్దామా?" అన్నాడు. జనం ఈలలు వేశారు. ఎవరో ఆయన్ని నెట్టుకుంటూ స్టేజీ ఎక్కించారు.

ఆయన నా వైపు చూశాడు. వద్దని నేను ఒక్క మాట చెబితే చాలు. తల అడ్డంగా ఊపినా చాలు. డప్పు అప్పటికే మొదలైంది, జనం చేతులెత్తి ఊగుతున్నారు. నేను ఎత్తుకోవాల్సిన చోటు వచ్చేసింది. ఎత్తుకున్నాను.

ఆయన చేసి చూపించాడు. కడుపు పట్టుకుని తూలాడు, మోకాళ్ళ మీద పడ్డాడు, స్టేజీ అంచుకి పాకి వంగాడు. వీడియోలో అబ్బాయి కంటే బాగా చేశాడు, ఎందుకంటే ఆయనకి అది తెలుసు. జనం విరగబడి నవ్వారు. యాంకర్ ఇంకోసారి అన్నాడు, ఇంకోసారి చేశాడు. పాట చివరిదాకా నేను ఒక్క మాట తప్పలేదు. రాట వైపు చూస్తే మావయ్య కండువాతో ముఖం తుడుచుకుంటున్నారు. ఆయన ఒక్కరే నవ్వలేదు.

ప్రోగ్రాం అయ్యాక మావయ్య ఆటో దగ్గర నిలబడి ఉన్నారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది కూడా.

"అన్నం తిని ఎల్దురు గాని, రండి" అన్నారు కొడుకుతో.

పెళ్ళయ్యాక ఆ గుమ్మంలో అడుగుపెట్టడం అదే మొదలు. మా అత్త పోయి చాలా కాలమైంది. మావయ్యే వండి, పీటలు వేసి, వంకాయ పులుసు వడ్డించారు. మా ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు మావయ్య నా ఎదురుగా కూర్చున్నారు.

"పాట బాగుందమ్మా. గొంతు బాగుంది" అన్నారు. పులుసు గిన్నె దగ్గరికి జరుపుకుని, "సిన్నప్పుడీడు ఎడ్లబండెక్కినా డోకునేవోడు. బస్సయితే సెప్పక్కర్నేదు. ఇప్పుడంటే బండి తానే నడపతన్నాడు గాబట్టి సరిపోనాది. ఆల్లమ్మ కొంగున నిమ్మకాయ కట్టుకొని ఎల్లేది. తోటి పిల్లగుంటలు ఎక్కిరిత్తారని ఊర్లో ఎవులికీ తెలనీలేదు మేం. సుట్టాలిల్లకి కూడా నడిపించే తీసుకెల్లేవోలం" అన్నారు.

పులుసు ఇంకాస్త వెయ్యనా అని అడిగారు. చాలని పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టాను. ఒక తల్లీ తండ్రీ అన్నేళ్ళు కాళ్ళు అరిగేలా నడిచి దాచిన సంగతి. దాన్ని నేను డప్పు మీద వేసి ఊరూరా తిప్పాను.

తిరుగు దారిలో అరసవల్లి దగ్గర టీ కోసం ఆగాం. అప్పుడు జరిగింది ఇంకా సిగ్గుచేటు. నేను కూనిరాగం తీస్తున్నాను. కొంగున కట్టిన నిమ్మకాయ మీద ఒక పల్లవి, నాకు తెలియకుండానే, నోట్లోకి వచ్చేసింది. మంచి పల్లవి. ఆయన గ్లాసు పట్టుకుని నా వైపు తిరిగాడు.

"నాన్న సెప్పీసినాడా?" అన్నాడు.

ఆపేశాను. ఆ పల్లవి మళ్ళీ ఎప్పుడూ పైకి అనలేదు. కానీ అది మరిచిపోయానని చెబితే అబద్ధం. అన్నం నోట్లో ఉండగా కూడా పాట వెతుక్కునే బుద్ధి నాది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియదు.

ఇంటికొచ్చాక ఆ పాట ఇక పాడనన్నాను.

"నువ్వు మానీసినా ఆల్లు మానెయ్యరు" అన్నాడాయన. "నువ్వు మానీసినావని తెలిస్తే, పాపం నిజంగానే బాధపడిపోనాడు అంటారు. అది నాకొద్దు. పాడీ. స్టేజీ మీదకి మాత్రం నన్ను పిలవనీకు."

మాట నిలబెట్టుకున్నాను. పిలవనీయడం లేదు. ఒకట్రెండు చోట్ల ఆ పాట లేకుండా పాడి చూశాను. జనమే అందుకుని పాడేశారు. ఇప్పుడు ఆ పాట వచ్చే ముందు ఆయన బయటికి వెళ్ళి ఆటోలో కూర్చుంటాడు. మార్కెట్లో పిలుపు అలాగే ఉంది. మావయ్య మాత్రం అప్పుడప్పుడు మా ఇంటికి వస్తున్నారు. మా నాన్న పక్కన కూర్చుని వల అల్లడం చూస్తారు. పాట సంగతి ఎవరూ ఎత్తరు.

మొన్న చీపురుపల్లి స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాం. కాలేజీ పిల్లలు ముగ్గురు నన్ను గుర్తుపట్టి ఫోటో కావాలన్నారు. తీసేవాళ్ళు లేక ఫోను మా ఆయన చేతికిచ్చారు.

"మేడమ్, డోకుల బావ నిజంగా ఉన్నాడా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"లేడమ్మా. పాట కోసం కట్టినాను" అన్నాను.

ఆయన్ని కాపాడుతున్నాననే అనుకున్నాను. మాట బయటికొచ్చాక గాని అర్థం కాలేదు. పళ్ళెం మీద దరువేసి మాట అందించిన మనిషిని, పక్కన నిలబెట్టుకుని, లేడన్నాను.

"కాస్త దగ్గరికి జరగండి" అన్నాడాయన ఫోను ఎత్తి పట్టుకుని. పిల్లలు జరిగారు. నేను నవ్వాను. నవ్వడం నాకు బాగా అలవాటే.