ఆగడం తెలిసిన మోటారు

సామర్లకోట స్టేషన్ వెనక రోడ్డులో తాతాజీ వర్క్‌షాప్ ఎక్కడని ఎవర్ని అడిగినా చూపిస్తారు. ధాన్యం మిల్లుల షాఫ్టులు, పంపుల పళ్ళచక్రాలు, ఏది విరిగినా అక్కడికే వస్తుంది. తాతాజీ చెవి మామూలు చెవి కాదు. లోపల ఇనుము చెక్కే మిల్లింగ్ మిషన్ తిరుగుతుంటే ఎదురుగా టీకొట్టులో కూర్చుని, కట్టర్ ఏ ఇనుము మీద ఉందో, ఎంత లోతు తింటోందో చెప్పేసేవాడు. పందెం కట్టినవాళ్ళు ఓడిపోయి నోరు మూసుకునేవారు. ఆ మిషన్ నడిపేది ఏసుపాదం. ఇద్దరూ కుర్రతనంలో వేరే షాపులో ఒకేసారి పనిలో చేరినవాళ్ళు, ఒకరినొకరు బావా అనుకునేవాళ్ళు. మోత బాగుంటే బావ బాగున్నాడని తాతాజీ లెక్క. ఇన్నేళ్ళూ ఆ లెక్క తప్పలేదు.

పోయిన వేసవిలో తప్పింది. ఏసుపాదం ఓ పొడుగాటి షాఫ్టుకి గాడి వేస్తున్నాడు. ఫీడు తగిలిస్తే మిషన్ బల్ల దానంతటదే జరుగుతుంది, మనిషి చూస్తూ ఉంటే చాలు. మోత ముచ్చటగా వినిపిస్తోంది. "మా బావ ఇవాళ మాంచి ఊపుమీదున్నాడండోయ్" అంటూ తాతాజీ ఇంకో టీ చెప్పాడు. తీరా లోపలికి వెళ్ళి చూస్తే, ఏసుపాదం మిషన్‌కి తల ఆనించి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. భుజం పట్టుకోగానే పక్కకి ఒరిగిపోయాడు. గుండెపోటు. కట్టర్ మాత్రం గాడి చివరిదాకా నున్నగా, వెంట్రుకవాసి తేడా లేకుండా వేసుకుపోయింది. పాపిష్టి మిషన్! మనిషి పోయిన సంగతే దానికి పట్టలేదు. ఆ షాఫ్టు ఇప్పటికీ ఏదో మిల్లులో తిరుగుతూనే ఉంది.

మిషన్‌ని మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. తాతాజీకి మాత్రం దాని మోత వినిపిస్తూనే ఉండేది. అన్నం తింటుంటే వినిపించేది, రైలు గేటు దగ్గర ఆగితే వినిపించేది. కరెంటు తీసేసి ఉందని తెలిసీ వెళ్ళి బల్ల మీద చెయ్యి వేసి చూసేవాడు. బల్ల కదిలేది కాదు. అయినా చెవుల్లో మోత ఆగేది కాదు. దసరాకి మిషన్లన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టి దీని దగ్గరికొచ్చేసరికి, దండ వేస్తున్నది మిషన్‌కా, బావకా అనిపించింది. దండ అక్కడే స్టూలు మీద వదిలేసి బయటికొచ్చేశాడు.

అలాంటివాడి దగ్గరికి ఏసుపాదం కూతురు హేమశ్రీ వచ్చింది. డిప్లొమా చదివి కాకినాడలో కంప్యూటర్ మిషన్ల మీద పనిచేస్తోంది.

"మావయ్యగారూ, నాన్న మిషన్ బాగుచేయిద్దామండి. పాత గేర్లు పీకేసి మోటార్లు, డ్రైవులు పెట్టిద్దాం. నేనే నడుపుతాను."

తాతాజీ తల అడ్డంగా ఊపాడు. "ఇంకేదైనా అడగమ్మా."

"ఇంకేదైనా నాకెందుకండి?" అంది హేమశ్రీ. ఆ మొండితనం అచ్చం తండ్రిదే. కాదనలేకపోయాడు. ఔనన్న క్షణం నుంచీ, అదే స్టూలు మీద మిషన్‌కి తల ఆనించి ఈ పిల్ల కళ్ళముందు కనిపించడం మొదలైంది. ఈమెకేమైనా అయితే ఇక తను బతికీ దండగే అనుకున్నాడు.

రాజమండ్రి నుంచి, మోటార్లని నడిపించే ఆ డ్రైవు పెట్టెలు అమ్మే జయంత్ రెండు మోటార్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది స్టెప్పరండి. చెప్పినన్ని అడుగులు వేస్తుంది. అడ్డొచ్చి అడుగు తప్పినా దానికి తెలీదు, వేసేశాననే అనుకుంటుంది."

"తెలియకుండా నడిచిపోయేది నాకొద్దండి" అన్నాడు తాతాజీ, మాట పూర్తికాకుండానే.

"అయితే సర్వో తీసుకోండి. బల్ల ఎక్కడుందో ఎప్పటికప్పుడు డ్రైవుకి కబురు వెళ్తుంది. తేడా వస్తే డ్రైవే ఆపేసి అలారం కొడుతుంది."

"మనిషికి తేడా వస్తేనో?"

హాస్యమాడుతున్నాడనుకుని జయంత్ నవ్వబోయాడు. తాతాజీ మొహం చూసి నవ్వు మింగేశాడు. "మోటారుకి మనిషి తెలీదండి. కావాలంటే చేత్తో పట్టుకునే స్విచ్చి ఒకటి పెడతాను. పట్టుకున్నంతసేపే నడుస్తుంది. వదిలితే ముందు బల్ల, ఆ వెంటనే కట్టర్ ఆగిపోతాయి. కానీ ఆటోమేటిక్ చేయించుకుని పొద్దస్తమానం పట్టుకు నిలబడ్డం ఏంటండి?"

"నొప్పొచ్చినోడు వదలడు కదండీ, బిగిస్తాడు."

జయంత్ సంచీలోంచి ఓ జాబితా తీసి తిరగేశాడు. "గట్టిగా పిసికినా ఆగేవి ఉన్నాయండి" అన్నాడు మెల్లగా. తాతాజీ సర్వోలు, ఆ స్విచ్చి ఖాయం చేశాడు.

బిగింపంతా పూర్తయ్యి మిషన్ మళ్ళీ తిరిగింది. హేమశ్రీ తొలి షాఫ్టు ఎక్కించింది. వాకిట్లో ఆటోలోంచి ఇనుపకడ్డీలు దింపిస్తున్న తాతాజీ చెవి లోపలే ఉంది. ఉన్నట్టుండి మోత ఆగిపోయింది.

కడ్డీ కింద పడేసి, చెప్పులు ఊడిపోతున్నా చూసుకోకుండా పరిగెత్తాడు. హేమశ్రీ స్విచ్చి పక్కన పెట్టి చున్నీతో మొహం తుడుచుకుంటోంది.

"చెమటండి బాబూ! వదిలితే చాలు ఆగిపోతోంది. ఆగిన చోటల్లా గాడిలో గీత పడుతోంది, చూడండి."

"పడనీ."

ఆ రోజు ఆమె మంచినీళ్ళు తాగడానికి ఆపినా వచ్చాడు, ఫోన్ ఎత్తడానికి ఆపినా వచ్చాడు. చివరికి ఆ పిల్లకి విసుగొచ్చింది.

"మిషన్ ఆగితే చాలు, ఇలా పరిగెత్తుకొస్తారేంటి మావయ్యగారూ?"

తాతాజీ ఆయాసపడుతూ గుమ్మం పట్టుకు నిలబడ్డాడు.

"ఆ రోజూ ఆగుంటే వచ్చేవాణ్ణమ్మా" అన్నాడు.