తోడుకోని పాలు

బెంగళూరులో నేను పరిశోధన చేసే ల్యాబులో గాజు సామాను కడగడానికి ఒక అక్క కాడుగోడి నుంచి వచ్చేది. గాయం మీద వేసే పలుచని పొర తయారుచేయడం నా పని. అది చెడు బ్యాక్టీరియానూ బూజునూ మాత్రమే చంపాలి, మేలు చేసేవాటిని వదిలేయాలి.

కొత్త పొర చేసినప్పుడల్లా అక్క ఒక ముక్క అడిగి తీసుకునేది. బయటి గదిలో గోరువెచ్చని పాలలో ఇంటి పెరుగు చుక్క వేసి, ఆ ముక్కను అందులో వదిలేది. మర్నాడు గిన్నె వంచి చూస్తే పాలు పాలుగానే ఉండేవి.

"మంచివాటిని గూడా సంపేస్తా ఉండాది అప్పా," అనేది. ఆ మాటలో ఎగతాళి ఉండేది కాదు. మా పరీక్షలూ తర్వాత అదే తేల్చేవి.

ఒకరోజు విసిగిపోయి, "ఇక మానేస్తానక్కా," అన్నాను.

ఆమె చేతులు తుడుచుకుంది. "మా ఇంటాయన కాలి పుండు మానకుండానే పోయినాడప్పా. నువ్వు ఇడిసిపెడితే ఎట్ల?"

ఆమె పనిచేసిన రెండేళ్ళలో ఆ సంగతి చెప్పడం అదొక్కసారే.

తర్వాత పనివాళ్ళను పెట్టే కాంట్రాక్టు మారి ఆమె పని పోయింది. అప్పుడు నేను సెలవులో ఉన్నాను. తిరిగొచ్చిన కొన్ని నెలలకు, కొత్త పొర ముక్క వేసి నేనే తోడువేసిన పాలు మొదటిసారి గట్టిగా పేరుకున్నాయి. పొర చెడువాటిని మాత్రమే చంపుతోందని పరీక్షలూ చెప్పాయి. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు ఆమెకు చెప్పాలనిపించింది.

ఆ ఆదివారం కాడుగోడి వెళ్ళి, స్టేషను బయట పూలమ్మే ఆమెను అక్క గురించి అడిగాను.

"పేరేమప్పా?" అంది ఆమె.

ల్యాబులో అందరం అక్కా అనే పిలిచాం. నాకు ఆమె పేరు తెలియదు.