పంపు మూత రుద్దిందెవరు?

నా చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది ఒక పాత వ్యాను. మా నాయన దాన్ని ఉదయగిరికీ ఆత్మకూరుకూ మధ్య తిప్పేవాడు. ఒకనాడు దారిలో, ఇంజన్‌కు నూనె అందకపోతే హెచ్చరించే ఆయిల్ లైటు ఎర్రగా వెలిగి, ఇక ఆరలేదు. ఇంజన్లో నూనెను పైకి తోసే పంపు అరిగిపోయిందన్నారు. ఆ కాలపు ఇంజన్‌కు కొత్త పంపు దొరకదట. పంపు లోపలి పళ్లచక్రాలు మాత్రం ఆత్మకూరులో దొరుకుతాయట. వాటిని కప్పే మూత మీది గీతలు పోయేలా చదును చేసి బిగిస్తే సరి. లేకపోతే ఇంజన్ తిరగకుండా పట్టేస్తుంది, బండి పాత ఇనుము కింద పోతుంది.

మా పక్కింటి ఖాలా కొయ్య గరిటెలు చేసేది. ఖాలా అంటే పెద్దమ్మ; వీధిలో పిల్లలందరికీ ఆమె ఖాలాయే. నాయన అరచేతిలో పట్టేంత ఆ ఇనుప మూతను ఆమెకిచ్చి, "అక్కా, నీ చెయ్యి సమంగా నడస్తాది. నేనొచ్చేలోగా రుద్ది పెట్టు," అని చక్రాల కోసం బస్సెక్కాడు.

ఖాలా మధ్యాహ్నం నమాజుకు లేవగానే నేను ఆ మూత అందుకున్నాను. నాయనకు సాయం చేయాలన్న ఆత్రం తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు. ఆమె గరిటెలు నునుపు చేసే గరుకు ఉప్పుకాగితం వేలికి చుట్టుకుని, గీతలున్న చోటల్లా వేలు మంటపుట్టేదాకా రుద్దాను. మూత తళతళలాడింది. ఖాలా రాగానే గర్వంగా చూపించాను.

ఆమె కోప్పడలేదు. ఇంట్లోంచి అద్దం తెచ్చి, దాని మీద కాటుక పలచగా పూసి, మూతను బోర్లించి ఎత్తింది. అంచుకే నలుపు అంటింది, నడుమ అంటలేదు.

"నడిమధ్య గుంత పడిండాదే పాపా. నూనె ఆడనే జారిపోతాది," అంది.

నాకేమీ అర్థం కాలేదు. గీతలు పోయాయి, ముందుకన్నా బాగా మెరుస్తోంది, మరి చెడిపోవడమేమిటి? బండి అమ్మేస్తారన్నది మాత్రం అర్థమైంది. భోరుమన్నాను.

ఖాలా అద్దం మీద ఒక కొసన ఉప్పుకాగితం పరిచి, మూతను బోర్లించి తిప్పి తిప్పి రుద్దింది. కాసేపు రుద్దడం, కాటుకలో అద్ది చూడడం, మళ్లీ రుద్దడం. పొద్దు వాలేసరికి మూతంతా ఒకేలా నల్లబడింది. దాన్ని కిరసనాయిలుతో కడిగి పక్కన పెట్టింది.

నాయన వచ్చి చూసి ముచ్చటపడ్డాడు. "నాదేముండాది, అంతా నీ కూతురే రుద్దినాది," అంది ఖాలా. నేను తెల్లబోయాను. నేను నిజం చెప్పేలోగా నాయన మూతను గుడ్డలో చుట్టుకుని వ్యాను దగ్గరికి నడిచాడు. ఆమె నావైపు చూడనైనా చూడలేదు.

మర్నాడు పంపు బిగించి ఇంజన్ తిప్పితే ఎర్ర లైటు టక్కున ఆరిపోయింది. లైటు ఆరిపోతే అందరూ చప్పట్లు కొట్టడమేమిటో, అదీ నాకు వింతే. నాయన నన్నెత్తుకుని వీధంతా తిరిగి చెప్పుకున్నాడు. నాకేమో ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంది.

తిట్టి ఉంటే రెండు రోజుల్లో మరిచిపోయేదాన్ని. చేయని పనికి మెప్పు ఎందుకు కట్టబెట్టిందో ఆమెను ఎన్నడూ అడగలేకపోయాను. ఇప్పుడు అడుగుదామంటే ఖాలా లేదు. ఆమె మాట పూర్తిగా అబద్ధం కాకూడదని ఆ వేసవంతా పక్కన కూర్చుని గరిటెలు రుద్దడం నేర్చుకున్నాను. అరవై దాటిన ఈ వయసులో కూడా ఎవరైనా నా పని బాగుందంటే వెంటనే పొంగిపోలేను. నాకు తెలియకుండా దాన్ని సరిచేసినవాళ్లెవరా అని చుట్టూ చూస్తాను.