గోడకూ పంపుకూ మధ్య పెంటయ్య

హైటెక్ సిటీలో ఓ పెద్ద ఆఫీసు భవనం. దాని సెల్లార్‌లో ఏసీలకు నీళ్ళు తిప్పే పంపు ఉంది. వంక పెట్టడానికి లేని పంపు. బిగించిన నాటి నుంచి ఒక్కసారి కూడా మొరాయించలేదు. కాకపోతే ట్యాంకర్ నీళ్ళతో వచ్చే ఇసుకను ఆపడానికి దాని వెనక ఒక జాలీ ఉంది, దాన్ని వారం వారం విప్పి కడగాలి. జాలీ చుట్టూ మనిషి మసలేంత చోటు వదలమని పంపు తయారుచేసిన వాళ్ళు చెప్పే ఇచ్చారు. ఇంకో రెండు కార్లు పడతాయని భవనం వాళ్ళు ఆ చోటులోనే గోడ లేపారు. మిగిలింది జానెడు సందు.

ఆ సందులో పట్టేవాడు పెంటయ్య. సిద్దిపేట వైపు పల్లె నుంచి వచ్చి, చందానగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని భార్య కొమురమ్మతో, కూతురు వసంతతో ఉంటున్నాడు. చదువు లేదు, పనితనం అంతకన్నా లేదు. జాలీ కడగడానికి పనితనం ఎందుకు? ఒళ్ళు సన్నగా ఉంటే చాలు. అతనికి ముందు ఆ పని చేసిన మధు, పెళ్ళయ్యాక అత్తగారి చేతి వంటకు కాస్త ఒళ్ళు చేశాడు. ఒకనాడు సందులో సగం దాకా వెళ్ళి ఇరుక్కున్నాడు. మర్నాటి నుంచి అతన్ని రావద్దన్నారు.

అది తెలిసి పెంటయ్య కడుపునిండా తినడం మానేశాడు. మంచి తిండిపుష్టి గల మనిషి, చెప్పొద్దూ. బగారా అన్నం, మటన్ కూర పెడితే ఊళ్ళో అతనికి సాటి లేదు. అలాంటివాడు పొద్దున ఒక జొన్నరొట్టె, రాత్రి చారెడన్నం తిని లేచేవాడు. దావత్‌కు పిలిస్తే కడుపునొప్పి అనేవాడు. కొమురమ్మ బతిమాలేది, తిట్టేది, ఒక్కోసారి కంచం ముందు కూర్చుని ఏడ్చేది. ఈ పని పోతే వసంత నర్సింగ్ చదువు ఆగుతుంది, గది ఖాళీ చేయాలి. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసే ఏడ్చేది.

భవనం నిర్వహణ చూసే మేనేజరు రామబ్రహ్మం గారిది భీమవరం దగ్గర ఊరు. పెద్దమనిషి, ఎవర్నీ పల్లెత్తు మాట అనరు. కాంట్రాక్టు పొడిగించే ముందు మాత్రం ఏటా పెంటయ్యను తన ఎదుటే ఆ సందులో అటు నుంచి ఇటు నడిపించి చూసుకునేవారు. గోడకు తలుపు పెట్టిస్తే పోలేదా అని ఎవరో అంటే, దండగ ఖర్చు, పెంటయ్య ఉన్నాడుగా అన్నారు. పంపు నమ్మకంగా నడుస్తోందనీ, దాని నిర్వహణ కూడా ఎంతో సులువనీ నార్సింగిలో సభ పెట్టి ఆయనకు షీల్డ్ ఇచ్చారు. ఇచ్చినవాళ్ళకు సిగ్గుండాలి.

మొన్న వేసవిలో పెంటయ్య తమ్ముడి కూతురి పెళ్ళయింది. ఆ దావత్‌లో అతని నిగ్రహం కాస్తా పోయింది. నల్లిబొక్కలు జుర్రుకుంటూ మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నాడు. ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. అదే వారం రామబ్రహ్మం గారు సందులో నడిపించి చూసే పరీక్ష. ఇక మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. రెండ్రోజులు పోయాక, పైనందరూ భోజనాలకు లేచిన వేళ, ఎప్పటిలా పంపు ఆపించి సందులో దూరాడు. జాలీ విప్పాడో లేదో కళ్ళు తిరిగాయి. సందు మరీ ఇరుకు కావడంతో కింద పడను కూడా పడలేదు, నిలుచున్న చోటే తల వాల్చేశాడు.

సెక్యూరిటీ వాళ్ళు పిలిచారు, నీళ్ళు చల్లారు. రామబ్రహ్మం గారు వచ్చి చూసి, కాసేపట్లో తెలివి వస్తుంది, గోడ జోలికి పోవద్దన్నారు. అందరూ నిలబడి చూశారు. ఈలోగా భోజనాలు ముగించి సీట్లలో కూర్చున్నవాళ్ళకు ఉక్క పోసింది. పై అంతస్తుల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. అప్పుడు గడ్డపార తెప్పించారు. ఒంటి ఇటుక గోడ, నాలుగు పోట్లకే కూలింది. పెంటయ్యను పక్కకు లాగి పడుకోబెట్టి, ముందు జాలీ బిగించి పంపు వేశారు. అంబులెన్సుకు ఆ తర్వాత ఫోన్ చేశారు.

దవాఖాన నుంచి పెంటయ్య తిరిగి వచ్చేసరికి అక్కడ ఇనుప తలుపు వెలిసింది. దాన్ని బార్లా తీసి, ఇంత బొజ్జ ఉన్న సెక్యూరిటీ గార్డొకడు కుర్చీ వేసుకుని జాలీ కడుగుతున్నాడు.

"మరి నేనేం జెయ్యాలె సార్?" అని అడిగాడు పెంటయ్య.

రామబ్రహ్మం గారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "నీకిక ఆ తిప్పలన్నీ తప్పాయి పెంటయ్యా. ఇంటికెళ్ళి హాయిగా కడుపునిండా తిను."

ఆయన వెటకారానికి అనలేదు, దయతోనే అన్నారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఆ సాయంత్రం పెంటయ్య కంచం ముందు కూర్చుని పెట్టిందంతా తిన్నాడు. ఇంట్లో ఇన్నేళ్ళలో మొదటిసారి, ఇంకింత పెట్టమన్నాడు. కొమురమ్మ గిన్నెలోకి చూసి మూత పెట్టింది.

"జర జూస్కోని తిను, వసంత నాయినా," అంది. "గీ బియ్యం నెల ఎల్లేదాంక రావాలె."