నత్తల ఏకాదశి

పొద్దున పెరటి గోడ మీద నత్త ఒకటి కనబడింది. వానకు పెరిగిన పాచి గీక్కుని తింటూ వచ్చి, బూడిదరంగు లైకెన్ మచ్చ దగ్గర ఆగి, కొమ్ములు ముడుచుకుని పక్కకు తిరిగిపోయింది. మనం బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. మనకు ఘుమఘుమ, నత్తకు చేదు. ఆ చేదు మీదే నేను తిరుపతిలో పీహెచ్‌డీ చేశాను. నత్తలకంటే మా అత్త నన్ను ఎక్కువ ఏడిపించింది.

కదిలి పారిపోలేని లైకెన్ తనలోనే కొన్ని ఆమ్లాలు తయారుచేసుకుని నత్తల నోటి నుంచి తప్పించుకుంటుంది. అది రుజువు చేయడం నా పని. పలమనేరు మామిడి చెట్ల బెరడు మీంచి తెచ్చిన ముక్కల్లో సగాన్ని అసిటోన్‌తో కడిగితే ఆ ఆమ్లాలు పోతాయి. ఆకలిగా ఉన్న నత్తలు కడిగినవి తిని, కడగనివి వదిలేయాలి. ల్యాబు వేడికి నత్తలు చచ్చిపోతుంటే డబ్బాల్లో పెట్టి ఇంటికి తెచ్చాను. ఇల్లంతా గోళ్లరంగు తుడిచే మందు వాసన. నత్తలు మాత్రం ఏ ముక్కా ముట్టలేదు. రెండోసారీ అంతే. "మళ్లీ ఇట్లే అయితే టాపిక్ మార్చుకోమ్మా" అన్నారు గైడు. మూడేళ్ల చదువు గంగలో కలిసేలా ఉంది.

డబ్బాలో కొత్తిమీర కాడ దొరికాక గాని సంగతి తెలియలేదు. అడిగితే మా అత్త దాచనైనా దాచలేదు. "నోరుల్యాని జీవాలను పస్తు పెట్టి, యాడ సదువు తల్లీ ఇది? మనం తిని కూసుంటే అవి మూతలు నాకతా ఉండాయి."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆకలి ఉంటేనే ప్రయోగమని గంటసేపు చెప్పాను. తల ఊపింది. మర్నాడు డబ్బాలో దోసకాయ చెక్కు. చివరికి ఓపిక చచ్చి, "అత్తా, రేపు ఏకాదశి. వాటికీ ఉపవాసమే. రాత్రికి నా ముక్కలే ఫలహారం" అన్నాను.

"ఉపాసమని ముందే సెప్పింటే నేనెందుకు పెడ్తా?" అని నామీదే విసుక్కుంది.

ద్వాదశి తెల్లవారి చూస్తే కడిగిన ముక్కలన్నీ కొరికేసి ఉన్నాయి, కడగనివి చెక్కుచెదరలేదు. నాకు ఏడుపొచ్చేంత సంతోషం. వెనక్కి తిరిగితే ఆమె అవిసాకు పట్టుకుని నిలబడి ఉంది. ద్వాదశి నాడు అవిసాకుతోనే ఆ ఇంట్లో ఉపవాసం విడుస్తారు. "ముందు వాటికి పెట్టు. ఆమీటే నేను తినేది." ఫొటోలు తీయాలి, మిగిలినవి తూచాలి, నువ్వు తినేయమంటే వినదు. మంచినీళ్లు కూడా ముట్టకుండా, నిలబడిన చోటే నిలబడింది. ఆమెను తిట్టుకుంటూనే ఫొటోలు తీసి, అన్నీ తూచి, ఆకు వేశాను.

థీసిస్ అయింది, ఉద్యోగమూ వచ్చింది. లైకెన్ గోరంత పెరగడానికి ఏళ్లు పడుతుందని ఏటా పాఠం చెబుతాను. ఆమె మీద నా విసుగు తగ్గడానికీ అన్నేళ్లే పట్టింది. తగ్గేనాటికి, ఆ మాట చెబుదామంటే ఆమె లేదు.